జనరల్ గారి ముత్తాత కోసం ఖానాపూర్ దాకా

తెనాలి తిరిగొచ్చి చాలా రోజులైనా మా వీధిలో నన్నింకా "దొరగారితో తిరిగొచ్చిన మేడమ్" అనే అంటున్నారు. కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరైతే రాని గౌరవం, ఒక తెల్లాయన పక్కన నాలుగు రోజులు కారులో కూర్చుంటే వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లకీ మొదట్నుంచీ చెప్పలేక నోరు నొప్పి పుడుతోంది. అందుకని గోదావరి పైవైపు ముఖం చూడని మా వాళ్లందరి కోసం ఒక్కసారే రాసి పారేస్తున్నాను.

ఆ తెల్లాయన పేరు మేజర్ జనరల్ హంఫ్రీ వెదర్‌కోట్. బ్రిటిష్ సైన్యంలో పెద్ద పదవులన్నీ చేసి దిగిపోయిన మనిషి. వయసు డెబ్బై దాటింది. తాటిచెట్టంత ఎత్తు, వంగని వెన్ను, చేతిలో వెండి పిడి కర్ర. ఆయన ముత్తాత కూడా సైన్యాధికారే. నిజాం రోజుల్లో పటాలం వెంటబెట్టుకుని ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్లి, అక్కడే జ్వరంతో పోయాడనీ, జనం గుండెలు బాదుకుని ఏడ్చి సమాధి కట్టి, దేవుణ్ణి చేసి ఈనాటికీ పూజిస్తున్నారనీ వాళ్లింట్లో కథ. ఆ దేవుడి మునిమనవడు ఇప్పుడు తన జీవిత చరిత్ర రాసుకుంటున్నారు. ఆఖరి అధ్యాయంలో వేసుకోవడానికి సమాధి ముందు నిలబడి ఒక ఫొటో కావాలి. భాష రాదు కనుక ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీని నేను.

కరీంనగర్

కరీంనగర్‌లో మాకు ఆతిథ్యం ఇచ్చినాయన దామోదర్ రావు గారు. తాతల నాడు ఊళ్లు ఏలిన కుటుంబం. ఇప్పుడు గ్రానైటు క్వారీలు, రెండు ఫంక్షన్ హాళ్లు ఏలుతున్నారు. ఇంట్లో మెట్లు గ్రానైటు, భోజనాల బల్ల గ్రానైటు, చేతులు కడుక్కునే తొట్టి గ్రానైటు. ఆయన గుండె దేనితో చేసిందో కాసేపటికి తెలిసింది.

ముందు తిండి సంగతి చెప్పాలి. రావు గారి తల్లి తొంభై ఏళ్ల ముసలమ్మ. తనే దగ్గరుండి సర్వప్ప చేయించింది. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, లోతు గిన్నెకు లోపలంతా పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. మా దిబ్బరొట్టెకు పినతల్లి కూతురు అనుకోండి, కాకపోతే మనిషి సన్నం, నోరు కారం. జనరల్ గారు రెండు తిని మూడోదానికి మొహమాటపడుతుంటే ముసలమ్మ ఆయన భుజం తట్టి, "తిను బిడ్డా, సిగ్గేంది" అంది. మా వైపైతే ఇంటికొచ్చిన చుట్టానికి ఒక్క ముద్దకు నాలుగు "అండి"లు వడ్డిస్తాం. ఇక్కడ తొలిచూపులోనే "నువ్వు". నాకది భలే నచ్చింది. ఆమె ఏమన్నదని జనరల్ గారు అడిగితే, కన్నకొడుకును పిలిచినట్టు "బిడ్డా" అని ఏకవచనంలో తినమన్నదని చెప్పాను. వాళ్ల అమ్మగారు పోయాక తనను అలా ఎవరూ పిలవలేదన్నారాయన. కాసేపు మంచివాడిలా కనిపించారు.

ఫలహారాలయ్యాక రావు గారు పెరట్లోకి తీసుకెళ్లి శిలాఫలకం చూపించారు. నల్లరాయి, తలుపంత ఎత్తు. దాని మీద సిరిసిల్ల మరమగ్గం గుడ్డ కప్పి ఉంది. లాగితే లోపల ముత్తాత గారి చరిత్ర ఇంగ్లిషులోనూ తెలుగులోనూ చెక్కి ఉంది. తెలుగు నాదే. "ప్రజల దైవము, పులుల పాలిటి యముడు, విశ్వాసపాత్రమైన అశ్వమును పులికి బలి ఇచ్చుకొని కన్నీరు కార్చిన కరుణామూర్తి." ఇంటి దగ్గర కూర్చుని రాసినప్పుడు అంత సిగ్గు వేయలేదు. రాతి మీద చూస్తే వేసింది.

ఈ రాయిని సమాధి దగ్గర నిలబెట్టి, చుట్టూ తోట, కాటేజీలు, కాఫీ హోటలు కట్టాలని రావు గారి సంకల్పం. అక్కడ భూమి ఎవరిదని అడిగాను. గంగవ్వ అనే ఆమె ఎకరన్నర పసుపు వేసుకుంటోందిట. మగడు లేడు, ఆ చేనే ఆధారం. మరి ఆమె అమ్ముతోందా?

"అమ్ముడేంది మేడం? ఇంగ్లీషోళ్ల సమాధులున్న జాగ సర్కారు శ్మశానం కింద లెక్క. జనరల్ సాబ్ ఆర్ఐ ముంగట, మా తాత సమాధి గిదే అని ఒక్క మాట జెప్తే సాలు. సర్వే జేసి రాసుకుంటరు. తర్వాత లీజుకు మాకు ఇస్తరు. గంగవ్వకు అన్యాయం జెయ్యం. హోటల్ల ఊడ్సే నౌకరి ఇస్తం."

నాకు ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు జనరల్ గారికి ఇంగ్లిషులో చెప్పాను, ఊడ్చే నౌకరీతో సహా. ఆయన కర్ర పిడి తుడుచుకుంటూ, ఇలాంటివి పెద్దవాళ్లు అన్నీ చూసుకునే చేస్తారు కదా అన్నారు. ఈ దేశంలో తెల్లవాళ్లకు నచ్చిన మర్యాద అదొకటి, ఎదుటివాడి పొలం పోతుంటే పెద్దవాళ్ల మీద నమ్మకం ఉంచడం.

మందమర్రి

ముత్తాత గారి పటాలం నడిచిన దారినే మనమూ వెళ్లాలని జనరల్ గారి పట్టుదల. రావు గారు తన బండిలో నేరుగా ఖానాపూర్ పోతానన్నారు. రాయి డీసీఎం వ్యానులో వస్తుంది. మేమిద్దరం కారులో మంచిర్యాల మీదుగా మందమర్రి చేరాం.

బొగ్గు ఊరు. వరసగా కార్మికుల క్వార్టర్లు, వాకిళ్లలో ఆరేసిన బట్టల మీద సన్నటి నలుపు. చాయ్ పది రూపాయలు, మిరపకాయ బజ్జీ కూడా పదే. మా తెనాలి బజ్జీలో వాము పెడతారు. ఇక్కడ ఏమీ పెట్టరు, మిరపకాయను నమ్ముకుని వదిలేస్తారు. జనరల్ గారు ఒకటి కొరికి, సైన్యంలో నేర్చుకున్న నిబ్బరంతో కన్నీళ్లు తుడుచుకోకుండా కూర్చున్నారు.

అంతలో సైరన్ మోగింది. చాయ్ హోటల్లో ఉన్నవాళ్లు సగం మంది గ్లాసులు పెట్టేసి ఠక్కున లేచి నిలబడ్డారు. జనరల్ గారి ముఖం వెలిగిపోయింది. ఆయనా లేచి, మడమలు కలిపి, వాళ్లందరికీ తిరుగు సెల్యూట్ కొట్టారు. వాళ్లు ఆయన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోయారు. రెండో షిఫ్టుకు వేళయింది పాపం. సైరన్ ఆగేదాకా ఆయన చెయ్యి నుదుటి మీదే ఉంది. సంగతి నేను చెప్పలేదు. చెబితే రాత్రి ఆయన రాసుకునే జీవిత చరిత్రలో ఒక పేజీ తగ్గేది.

మా బల్ల దగ్గర రాజయ్య అని బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన ఆయన మిగిలాడు. ఈ పెద్దమనిషి ఎవరని అడిగితే, జనరల్ గారి ఉద్యోగ చరిత్ర మొదటిసారి మొత్తం విన్నాను, వినిపించాను. ఇంట్లో గోడ మీద ముత్తాత బొమ్మ చూసి పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరారు. వాళ్ల దళం ఒకప్పుడు గుర్రాల మీద ఉండేది, ఈయన వచ్చేసరికి ట్యాంకులెక్కింది. జర్మనీలో ఒక మైదానం పక్కన ఏళ్ల తరబడి రష్యావాళ్ల కోసం కాచుకుని కూర్చున్నారు.

"అంటే దుష్మన్ రాలేదన్నట్టు" అన్నాడు రాజయ్య.

రాలేదని ఒప్పుకున్నారు జనరల్ గారు.

"మరి జీతం ఆపలేదా?"

ఆపలేదు, పెంచారు. ఆ తర్వాత లండన్ ఆఫీసులో సైనికుల టోపీ అంచు ఎంత వెడల్పు ఉండాలో తేల్చే సంఘంలో పనిచేశారు. అది తేలకముందే ఇంకో మెట్టు ఎక్కారు. రాజయ్య శ్రద్ధగా విని, మంచి నౌకరీ అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో ఆ ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. పోయేముందు జనరల్ గారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు. తన మోకాళ్లు బాయిలో వంగీ వంగీ పోయాయిట. జనరల్ గారివి నిలబడీ నిలబడీ పోయాయి. ఇద్దరూ ఆ విషయంలో మాత్రం చాలాసేపు చక్కగా మాట్లాడుకున్నారు.

ఇచ్చోడ

జన్నారం, ఉట్నూరు అడవి దారిలో పులి కనిపిస్తుందేమోనని జనరల్ గారు కిటికీకి అతుక్కున్నారు. కోతులు కనిపించాయి. పెద్ద రోడ్డెక్కి ఇచ్చోడ చేరేసరికి పత్తి బండ్లు అడ్డం. ట్రాక్టర్లు, డీసీఎంలు, ఎడ్లబండ్లు, అన్నిటి మీదా కొండల్లా పత్తి. మూడు దిక్కుల నుంచీ వచ్చి కూడలిలో చిక్కుకున్నాయి.

ఇది నాకు వదిలెయ్యండని జనరల్ గారు కారు దిగారు. కూడలి మధ్యకు పోయి కర్ర ఎత్తారు. ఆ ఎత్తు, ఆ ఎర్రముఖం చూసి ఎవరో పెద్ద అధికారి అనుకున్నారో ఏమో, ఎవరి మాటా వినని ట్రాక్టర్ల వాళ్లు ఆయన మాట విన్నారు. ఆయన ఉత్తరానికి కర్ర ఊపితే ఉత్తరం వాళ్లు కదిలారు, దక్షిణానికి ఊపితే దక్షిణం వాళ్లూ కదిలారు. ఆగమని చెప్పే సైగ ఒకటి ఉండాలని ఆయనకు తోచలేదు. అంతవరకు ఈగ దూరే సందన్నా ఉండేది, అదీ పూడిపోయింది. ఒక ట్రాలీ ఒరిగి, పత్తి ఆయన తల మీద పడింది. చివరికి బర్రెల్ని తోలుకుపోతున్న ఒక ఆడమనిషి నాలుగు తిట్లతో ఒక్కొక్క బండినీ వెనక్కి పంపి, తన బర్రెలకు దారి చేసుకుని పోయింది. వాటి వెనకే మేమూ బయటపడ్డాం.

పోహా బండి దగ్గర ఆగాం. అటుకుల్లో ఉల్లిపాయ, పల్లీలు, పైన సన్న కారప్పూస, పక్కన నిమ్మచెక్క. ప్లేటు ముప్ఫై. ఇడ్లీ దొరుకుతుందా అని అడిగాను. బండావిడ నన్ను జాలిగా చూసింది. ఆమె సగం మరాఠీలో, సగం తెలుగులో మాట్లాడుతుంది. జనరల్ గారిని "కాకా" అని పిలిచి జుట్టులో పత్తి ఏరింది. మహారాష్ట్ర ఎంత దూరమని అడిగితే, నోరు తెరిస్తే మహారాష్ట్రే అంది.

అక్కడ, చాయ్ చల్లారిపోతుండగా, జనరల్ గారు అడగకుండానే ఒక సంగతి చెప్పారు. ఎడారి యుద్ధంలో ఆయన సరఫరాల అధికారి. నీళ్ల ట్యాంకులు పాడైపోయి సైనికులు జబ్బు పడుతున్నారని ఒక కుర్ర కెప్టెన్ పైకి రాశాడు. అది ఈయన చదివారు. పైవాళ్లకు అది నచ్చలేదు. విచారణ పెట్టి, అలాంటి నివేదిక చూశారా అని ఈయన్ని అడిగారు. గదిలో పెద్దవాళ్లందరూ ఉన్నారు. ఈయన మాట్లాడలేదు. కెప్టెన్‌ను అబద్ధాలకోరని ఇంటికి పంపేశారు. కొన్నాళ్లకు ఈయన జనరల్ అయ్యారు.

"ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

తెలియదన్నారు.

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. రేపు కూడా మిమ్మల్ని ఒక ప్రశ్న అడగబోతున్నారు, ఈసారి పోయేది గంగవ్వ చేను అన్నాను. తన ముత్తాత నిజంగా అక్కడే ఉంటే తను మాత్రం ఏం చేయగలడని ఆయన అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే నాకు ఇంకా మండింది. నిర్మల్ ఘాటు దిగేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

ఖానాపూర్ దాటాక

ఊరి పేరు రాయనని గంగవ్వకు మాటిచ్చాను. పేరు చూసి ఇంకో రావు గారు రాకుండా. ఖానాపూర్ దాటాక పసుపు చేల మధ్య ఒక ఇప్పచెట్టు, దాని కింద మనిషి పొడవుకు రెండింతలున్న మట్టిదిబ్బ. సున్నం కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, మోదుగాకుల్లో ఉడికించిన ఉలవలు పెట్టి ఉన్నాయి. ఈ వైపు దేవతలకు కోడి, కల్లు లేనిదే ముద్ద దిగదు. ఈ దేవుడేమిటి, ఉలవలతో సరిపెట్టుకున్నాడు అనుకున్నాను.

రావు గారు అప్పటికే షామియానా వేయించారు. తన ఫంక్షన్ హాల్లో పెళ్లికొడుకు కూర్చునే కుర్చీ తెప్పించారు. ఎర్ర మఖమలు, బంగారు రంగు సింహాలు. అందులో జనరల్ గారు కూర్చుని ఆ ఒక్క మాట చెప్పాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే వాళ్ల భాషలో ఆర్ఐ, కాగితాలు ఒళ్లో పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. ఊరివాళ్లు ఒక పక్కగా నిలబడ్డారు.

గంగవ్వ దిబ్బ పక్కనే కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి. గోళ్ల సందుల్లో పసుపు. మా వైపు అవ్వ అంటే అమ్మమ్మ వయసు, ఇక్కడ అవ్వంటే తల్లి. "గంగవ్వా" అని పిలిచి పక్కన కూర్చున్నాను. ఈ దొర గురించి మీ వాళ్లేం చెప్పుకుంటారని అడిగాను.

"గీడ దొర ఎవ్వడు లేడు బిడ్డా. గుర్రమున్నది."

మళ్లీ అడిగాను. మళ్లీ గుర్రమే అంది. ఈ మాట రావు గారికి ఎప్పుడన్నా చెప్పావా అంటే, అడిగితే కదా చెప్పేది అంది. రావు గారు వాకబు చేసింది నిర్మల్‌లో ఉండే పాత పటేలును. ఆయన చెయ్యి ఊపి చూపించినదే ఈ దిబ్బ. నేను పోయి రావు గారికి చెబితే, ముసలిదానికి భూమి పోతదని భయం, ఏదో ఒకటి అంటది మేడం అన్నారు. జనరల్ గారికి చెబితే, జానపద కథలు ఎంత అందంగా ఉంటాయో అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ పూర్తిగా నమ్మలేదు.

ఇంతలో సుజాత అనే అమ్మాయి పిల్లనెత్తుకుని వచ్చింది. పిల్లకు రెండేళ్లు నిండినా నడక రాలేదు. ఇక్కడి ఆచారం ఏమిటంటే, నడక రాని పిల్లల్ని ఈ దిబ్బ దగ్గరకు తెస్తారు. మేనమామ నాలుగు కాళ్ల మీద గుర్రంలా వంగుతాడు. పిల్లను వీపు మీద కూర్చోబెట్టుకుని దిబ్బ చుట్టూ తిరిగి, గంగవ్వ అరచేతిలో ఉలవలు తింటాడు. మా వైపు మేనమామ చెవులు కుట్టించి బంగారం పెట్టి బయటపడతాడు. ఇక్కడ మోకాళ్లు సమర్పించుకోవాలి. సుజాత తమ్ముడు దుబాయిలో పనికి పోయాడు. ఫోన్లో వీడియోలో ఉన్నాడు. ఫోన్లో కనిపిస్తే సరిపోతుందా అని సుజాత అడుగుతోంది. వీపు ఏది మరి అంటోంది గంగవ్వ.

రావు గారికి ఇదేదీ పట్టలేదు. రాయి నిలబెట్టడానికి దిబ్బ అంచున గుంట తవ్వమన్నారు. గంగవ్వ అడ్డం పోయింది. అంచునే కదా అని రావు గారు పక్కకు జరిపించారు. మోకాలి లోతు పోయిందో లేదో, పార ఖంగుమంది. మొదట ఒక ఇనుప నాడా వచ్చింది. తర్వాత పొడుగాటి పుర్రె. మూరెడు కన్నా పొడుగు. దవడ నిండా తాంబాళాల్లాంటి పళ్లు.

ఏం చేస్తున్నావమ్మా అంటే గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నానని మనం వేళాకోళమాడతాం. నేను నిజంగానే కొంగుతో గుర్రం పళ్ల మీద మట్టి తుడిచాను. జనరల్ గారు కర్ర ఆనించుకుని వంగి చూశారు. ఇంటి దగ్గర గుర్రాలు పెంచే మనిషి, ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పుర్రెను చేతిలోకి తీసుకుని తిప్పారు. నుదుటి మధ్య గుండ్రంగా ఒక చిల్లు ఉంది. అందులో ఆయన చిటికెన వేలు పట్టింది. పులి అలా చేయదని ఆయనే అన్నారు, చాలా మెల్లగా.

అప్పుడు గంగవ్వ చెప్పింది. శిస్తు కట్టలేని ఏడాది. వెదర్‌కోట్ దొర పటాలంతో వచ్చి, కోతకొచ్చిన జొన్నచేలను గుర్రాలతో తొక్కించమన్నాడు. గుర్రాలన్నీ తొక్కాయి. గట్టు మీద తల్లి వదిలిన పిల్లవాడు, ఇంకా నడక రానివాడు, పాక్కుంటూ దొర గుర్రానికి ఎదురొచ్చాడు. గుర్రం ఆగిపోయింది. దొర కొట్టాడు, మడమలతో పొడిచాడు, అది అడుగు వేయలేదు. దిగి నుదుటి మీద కాల్చాడు. పటాలమంతా చూస్తూ నిలబడింది, ఒక్కడు నోరెత్తలేదు. మిగతా గుర్రాలు ఆ తర్వాత దొరను వీపెక్కనివ్వలేదు. దొర గోదావరి దాకా నడిచి పోయాడు. అక్కణ్ణుంచి ఏమయ్యాడో ఈ ఊరికి తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

"పటాలం మొత్తంల దొర మాట ఇననిది గదొక్కటే. అందుకే మొక్కుతం" అంది గంగవ్వ. "సచ్చి గూడ దొరకు నడక నేర్పింది. మా పోరగాళ్లకు నేర్పదా?"

నేను ఒక్క మాట మింగకుండా అంతా ఇంగ్లిషులో చెప్పాను. జనరల్ గారి ముఖంలో ఎరుపు దిగిపోయింది.

రావు గారు మమ్మల్నిద్దరినీ పక్కకు లాగారు. ఆర్ఐ ఇంకా ఏదీ దగ్గరికొచ్చి చూడలేదు, గుంట పూడ్చేస్తారు, పుర్రె లోపల పడేస్తారు, జనరల్ గారు కుర్చీలో కూర్చుని అనుకున్న మాట అంటే అందరికీ గౌరవం అన్నారు. "నూరేండ్ల కిందటి బొక్కలు మేడం, గుర్రమైతేంది, మనిషైతేంది?" అదీ అనువదించాను. జనరల్ గారు నా వంక చూడలేదు. ఆ చూడకపోవడం నాకు తెలుసు. విచారణ గదిలో కూడా ఇలాగే నిలబడి ఉంటారు, నిటారుగా, ఎటూ చూడకుండా. ఈ మనిషి మళ్లీ నోరు మూసుకోబోతున్నాడని నాకు దుఃఖం వచ్చింది.

గంగవ్వ లేచి వచ్చింది. ఇంగ్లిషు రాకపోయినా ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు అర్థమైంది. ఊరంతా వినేలా ఆయనతోనే అంది.

"దొరా, గీడున్నది మీ తాత అయితే పోయి గా కుర్సీల కూసో. మా గుర్రమైతే గిట్ల వచ్చి వంగు. పిల్ల ఎదురుసూస్తున్నది."

నేను అనువదించాను. ఆర్ఐ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. జనరల్ గారు కుర్చీని చూశారు. సింహాలున్న మంచి కుర్చీ. ఆ తర్వాత కర్ర నా చేతికిచ్చారు.

వంగడం అంత తేలిగ్గా కాలేదు. ముందు ఒక మోకాలు, అది పెట్టిన చప్పుడు ఊరంతా విన్నది. తర్వాత రెండోది. తర్వాత మట్టిలో రెండు చేతులు. రాణిగారి చేతుల మీదుగా పతకాలు పుచ్చుకున్న ఛాతీ పసుపు ఆకులకు ఆనింది. ఆ భంగిమలోనే తలెత్తి, మైదానంలో కవాతుకు చెప్పినంత గట్టిగా ఇంగ్లిషులో అరిచారు. నేనూ అంతే గట్టిగా తెలుగులో అరిచాను. "మా ముత్తాత ఇక్కడ లేడు. ఇక్కడున్నది ఆయన చంపిన గుర్రం. ఇది గంగవ్వ చేను."

సుజాత పిల్లను ఆయన వీపు మీద కూర్చోబెట్టింది. పిల్ల ఆయన కాలరు పట్టుకుని, చెవి లాగింది. బ్రిటిష్ సైన్యం దిబ్బ చుట్టూ బయలుదేరింది. దుబాయి తమ్ముడు ఫోన్లోంచి ఎటు తిరగాలో కేకలేసి చెబుతున్నాడు. దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుదామనుకున్నాను కానీ, కళ్లలో నీళ్లు తిరిగి కుదరలేదు.

ఆర్ఐ వచ్చి గుంటలో తొంగి చూసి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. గుర్రానికి సర్కారు శ్మశానం రాసే రూలు లేదని రావు గారితో అన్నాడు. రావు గారు రాయిని మళ్లీ డీసీఎం ఎక్కించమన్నారు. పోతూ పోతూ నాతో, రాయికి వెనక దిక్కు ఖాళీగనే ఉన్నది, ఇంకో పెద్దమనిషి దొరక్కపోతాడా మేడం అన్నారు. పెళ్లికొడుకు కుర్చీ కూడా ఎక్కింది.

జనరల్ గారు గంగవ్వ అరచేతిలో ఉలవలు తిన్నారు, ఒక్క గింజ వదలకుండా. ఆయన్ని లేపడానికి ఇద్దరం పట్టుకున్నాం. సుజాత పిల్లను నేల మీద నిలబెట్టింది. పిల్ల ఒక్క క్షణం నిలబడి, ఎప్పటిలాగే చతికిలబడింది. సుజాత ముఖం వాడిపోయింది. ఆమెకన్నా ఎక్కువ జనరల్ గారి ముఖం వాడింది. తను ఎక్కడన్నా తప్పు తిరిగారేమో, ఆచారంలో ఏదన్నా లోపం జరిగిందేమో, ఇంకో చుట్టు తిరగనా అని అడగమన్నారు. గంగవ్వను అడిగాను.

ఆమె పిల్లకు అంటిన మట్టి దులిపి చంకనేసుకుంది.

"ఇయ్యాల్నే నడుస్తదా? గింత పెద్ద దొరకు వంగనీకె డెబ్బై ఏండ్లు పట్టింది. గది సంటిపిల్ల. జర ఆగుండ్రి."